సిరాబుడ్డి సంగతి తర్వాత, ముందు కార్ట్రిడ్జ్ పెట్టి రాయండి

కొత్తగా ఇంకు పెన్ను కొందామనుకుంటున్నానని నోరు జారితే చాలు, సలహాలు వచ్చి మీద పడతాయి. బంగారు పాళీ లేనిది పెన్నే కాదంటారొకరు. పిస్టన్ ఉన్నదే, అంటే బుడ్డీలోంచి ఇంకును తనే లోపలికి లాక్కునేదే తీసుకోమంటారు ఇంకొకరు. మరొకాయన సిరాబుడ్డీల చిట్టా పంపిస్తాడు, మెరుపు కలిపినవి, ఆరాక అంచుల్లో వేరే రంగు తేలేవి, ఒకే అక్షరంలో రెండు ఛాయలు చూపించేవి. ఇంత చెప్పినవాళ్లలో ఒక్కరైనా మీరు రోజుకు ఎంత రాస్తారు, ఎలాంటి కాగితం మీద రాస్తారు అని అడగరు. కార్ట్రిడ్జ్, అంటే ఇంకు ముందే నింపి వచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టం, ఆ మాట ఎత్తితే మాత్రం అందరూ ఒకేలా మొహం చిట్లిస్తారు. అది బడిపిల్లల వ్యవహారమట, బద్ధకస్తుల పనట.

నేను చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. రోజూ ఇంకు పెన్నుతోనే రాయాలని మనసుపడినవాళ్లు స్టీలు పాళీ ఉన్న మామూలు పెన్ను ఒకటి కొని, కార్ట్రిడ్జ్ పెట్టి, అది అయిపోతే అదే రంగుది ఇంకోటి పెట్టి, అలా రాసుకుంటూ పోవాలి. బుడ్డీలు, సిరంజీలు, రంగుల పిచ్చి అన్నీ తర్వాత చూసుకోవచ్చు, ఎప్పటికీ చూసుకోకపోయినా నష్టం లేదు. ఇంకు పెన్ను వాడుకలోంచి జారిపోయిందని వాపోయేవాళ్లే దాన్ని వాడుకకు పనికిరాకుండా చేస్తున్నారనేది నా ఫిర్యాదు.

బాల్ పెన్ను వచ్చి ఏం చేసిందో అందరికీ తెలిసిందే. 1938లో లాస్లో బిరో పేటెంటు, 1945లో న్యూయార్క్‌లో అమ్మకాల హడావుడి, 1950లో బిక్ క్రిస్టల్ అనే చవక బాల్ పెన్ను, అంతటితో ఇంకు పెన్ను పని అయిపోయిందనుకున్నారు. అయినా బతికి బట్టకట్టింది. ఖరీదైన పెన్నులు కానుకల పెట్టెల్లోకి వెళ్లిపోతే, రాసే పెన్నుగా దాన్ని నిలబెట్టింది కార్ట్రిడ్జే. 1960లో పెలికాన్ కంపెనీ బడిపిల్లల కోసం తెచ్చిన పెలికానో, 1980లో వోల్ఫ్‌గాంగ్ ఫాబియన్ రూపమిచ్చిన లామీ సఫారీ, 2013లో పాళీ మీద నవ్వు మొహం చెక్కి పైలట్ కంపెనీ వదిలిన కకునో, ఇవన్నీ కార్ట్రిడ్జ్ పెట్టుకుని రాసేవే. బడిపిల్లల వ్యవహారం అని ఎవరైనా వెక్కిరిస్తే అవునండీ, నిజమే అనాలి. రోజంతా రాసేది పిల్లలే, పెన్నును కిందపడేసేది పిల్లలే, మూత పెట్టడం మరిచిపోయేది పిల్లలే. వాళ్ల చేతుల్లో నిలిచినది మన చేతుల్లో నిలవదా?

పెట్టే పద్ధతి చూడండి. పెన్ను ఒళ్లు తిప్పి తీస్తే పాళీ ఉన్న ముక్క వెనక సన్నటి గొట్టం కనిపిస్తుంది. కార్ట్రిడ్జ్ మూతిని దానికి ఆనించి, వంకర పోకుండా నిటారుగా నొక్కితే లోపలి అడ్డు తెగి టక్కుమంటుంది. అంతే, కానీ వెంటనే రాయదు. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి పెన్నును విదిలిస్తారు, గోడ మీద చుక్కలు పడతాయి, ఇంకు పెన్ను అంటేనే గొడవ అని తీర్మానించేస్తారు. పాళీ కింద నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది, ఫీడ్ అంటారు, దాంట్లోని వెంట్రుకంత కాలవ గుండా ఇంకు పాకి పాళీ చీలికలోకి రావాలి. పాళీని కిందికి ఉంచి కాసేపు ఆగితే అదే వస్తుంది. ఆగలేనివాళ్లు కార్ట్రిడ్జ్‌ను వేళ్ల మధ్య ఒక్కసారి మెల్లగా ఒత్తితే చీలికలో తడి మెరుస్తుంది, ఇక రాయొచ్చు. చేతికి మరక అంటదు, తుడుచుకునే గుడ్డతో పనిలేదు, నిలబడి కూడా మార్చుకోవచ్చు.

ఆ ఫీడ్ సామాన్యమైనది కాదు. ఇంకు కిందికి దిగాలంటే దాని చోటులోకి గాలి పైకి వెళ్లాలి, ఈ రెండూ ఒకే దారిలో ఒకదాన్నొకటి తొక్కుకోకుండా సాగే ఏర్పాటుకే లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. పక్కన వరసగా కోసిన సన్నటి రెక్కలు వేడికి లోపలి గాలి వ్యాకోచించినప్పుడు ఎక్కువైన ఇంకును పట్టి ఉంచుతాయి. ఒక్కోసారి కార్ట్రిడ్జ్‌లో ఇంకు కనిపిస్తూనే పెన్ను మొరాయిస్తుంది. ఇంకు చుక్క వెనకవైపు అతుక్కుని కిందికి జారకపోవడమే కారణం. పెన్ను ఒంటి మీద గోటితో రెండుసార్లు తడితే దిగుతుంది. ప్లాటినం అనే కంపెనీ కార్ట్రిడ్జ్‌లలో లోపల చిన్న లోహపు గుండు దొర్లుతూ ఆ పని తనే చూసుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. బాల్ పెన్నుతో ఒక పేజీ నిండా రాసి, కాగితం తిప్పి, వెనకవైపు వేలితో తడమండి. ప్రతి అక్షరమూ ఉబ్బెత్తుగా తగులుతుంది. ఆ గుంటలన్నీ మన వేళ్ల బలంతో పడ్డవే. బాల్ పెన్నులో ఉండేది చిక్కటి జిగురు ఇంకు, గుండు దొర్లితేనే అది బయటికొస్తుంది, గుండు దొర్లాలంటే నొక్కాలి, నొక్కాలంటే మూడు వేళ్లూ బిగించాలి, వేళ్లు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, ఇలా పైపైకి పాకి భుజందాకా పోతుంది. పరీక్ష రాసి బయటికొచ్చినవాళ్లు చెయ్యి ఎందుకు విదిలించుకుంటారో ఇంక చెప్పాలా? ఇంకు పెన్నుకు ఈ బలమేమీ అక్కర్లేదు. నీళ్లతో చేసిన పల్చటి ఇంకు, పాళీ కాగితాన్ని తాకితే చాలు, కాగితమే లాక్కుంటుంది. పెన్ను బరువే సరిపోతుంది. పైగా నొక్కితే ఊరుకోదు, చీలిక విచ్చుకుని గీత లావెక్కుతుంది, కాగితాన్ని గీకుతుంది, మరీ మొరటుగా నొక్కితే పాళీ వంగిపోతుంది. నొక్కొద్దని ఏ మాస్టారూ చెప్పనక్కర్లేదు, పెన్నే చెబుతుంది.

కోడిగీతల రాత కళ్లకద్దుకునేలా మారుతుందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్లను నమ్మకండి. మారేది పట్టు. పెన్నును బల్లకు నిటారుగా కాకుండా ఏటవాలుగా పట్టుకోవడం అలవాటవుతుంది, వేళ్లతో చెక్కినట్టు రాసేవాళ్లు చేతిని కదిలిస్తూ రాయడం మొదలుపెడతారు, పది పేజీలు రాసినా చూపుడువేలి కీలు ఎర్రబడదు. అయితే ఇది ఒక రోజులో వచ్చేది కాదు. ఎన్ని పేజీలు రాస్తే అంత వస్తుంది. అన్ని పేజీలు రాయాలంటే పెన్ను ఎప్పుడు ముట్టుకున్నా రాయాలి, ఇంకు అయిపోయినచోటే మళ్లీ నిండాలి, కడగడానికని రెండు రోజులు పక్కన పెట్టకూడదు. నా వాదనంతా ఇక్కడే ఉంది. మంచి జరిగేది వాడకం వల్ల, వాడకానికి అడ్డు తొలగించేది కార్ట్రిడ్జ్. వారానికో రంగు మార్చేవాళ్లను గమనించండి, రాసినదానికంటే కడిగిందే ఎక్కువ ఉంటుంది.

బంగారు పాళీ ముచ్చట కూడా తేల్చేద్దాం. పాళీ బంగారమైనా స్టీలైనా కాగితాన్ని తాకేది ఆ రెండూ కావు, చివర అతికించిన గట్టి మిశ్రమ లోహపు చిన్న గింజ. సాఫీగా రాస్తుందా గీకుతుందా అనేది ఆ గింజను ఎంత బాగా నున్నగా చేశారనే దాన్ని బట్టి ఉంటుంది. బంగారం కొంచెం మెత్తగా వంగుతుందేమో, తుప్పు పట్టదు, నిజమే. కానీ కొత్తగా పట్టేవాళ్లకు మెత్తదనం వరమేమీ కాదు, బాల్ పెన్నుతో మొరటెక్కిన చేతికి గట్టి స్టీలే కాపలా. తెలుగు రాసేవాళ్లు చూసుకోవాల్సింది పాళీ మందం. మన గుండ్రాలు చిన్నవి, వత్తులు లైను కింద ఇరుక్కుంటాయి, లావు పాళీతో ఘ, ఝ రాస్తే లోపలి ఖాళీలు పూడుకుపోయి మసకబారతాయి. సన్న పాళీ తీసుకోండి. జపాన్ కంపెనీల ఫైన్ యూరప్ ఫైన్ కంటే సాధారణంగా ఒక మెట్టు సన్నంగా ఉంటుంది, మనకు సరిగ్గా సరిపోయేది అదే. సన్న పాళీ అయితే నాసిరకం కాగితం మీద ఇంకు పాకడం, వెనక్కి దిగడం కూడా తగ్గుతుంది.

ఎదురు వాదనలు లేకపోలేదు. జెల్ పెన్ను కూడా నొక్కకుండానే రాస్తుంది కదా అంటారు, రాస్తుంది, అది మంచి వస్తువే, అయితే ఎలా పట్టుకున్నా రాసేస్తుంది కాబట్టి చేతికి ఏమీ నేర్పదు. కార్బన్ పేపర్ పెట్టి రాయాల్సిన చోట ఇంకు పెన్ను పనికిరాదు, ఒప్పుకుంటాను. మామూలు నీలం ఇంకు మీద నీళ్లు పడితే అక్షరాలు కొట్టుకుపోతాయి, కానీ నీళ్లకు చెదరని పిగ్మెంట్ ఇంకు, అంటే సన్నటి రంగు పొడి కలిపినది కూడా కార్ట్రిడ్జ్‌లలో దొరుకుతోంది, ప్లాటినం కార్బన్ బ్లాక్ అలాంటిదే, రోజూ రాసేవాళ్లకు అది ఎండి అడ్డుపడే భయం తక్కువ. ఇక ప్లాస్టిక్ చెత్త, ఖర్చు. చుక్కకు చుక్క లెక్కేస్తే బుడ్డీలో ఇంకే చవక, ఇది కాదనలేం. దానికీ దారి ఉంది. ఖాళీ కార్ట్రిడ్జ్‌ను మామూలు నీళ్లతో కడిగి సిరంజీతో మళ్లీ నింపొచ్చు, మూతి వదులయ్యేదాకా ఒకే కార్ట్రిడ్జ్ చాలాసార్లు పనిచేస్తుంది. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, అందులో సాధారణంగా లక్క ఉంటుంది, ఫీడ్‌లో గడ్డకట్టిందంటే వదలదు.

నాకు కోపం వచ్చేది కంపెనీల మీద. కార్ట్రిడ్జ్‌లకు అంతర్జాతీయ ప్రమాణం అని ఒక కొలత ఉండనే ఉంది. చిన్నది 0.8 మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ, పొడవుది 1.4 చిల్లర పడుతుంది, పెలికాన్, వాటర్‌మన్, కవెకో లాంటివి దాన్నే వాడతాయి. లామీ, పైలట్, ప్లాటినం, పార్కర్ మాత్రం ఎవరి మూతి వాళ్లదే. ఒకరిది ఇంకొకరికి ఎక్కదు. పెన్ను చవగ్గా ఇచ్చి ఇంకు దగ్గర కట్టిపడేసే తెలివి ప్రింటర్లతో మనకు బాగా పరిచయమే. అందుకే పెన్ను చూసేముందు కార్ట్రిడ్జ్ చూడండి. మీకు ఎప్పుడూ సులువుగా దొరికేది ఏదో తేల్చుకుని, దానికి సరిపడే పెన్ను వెతుక్కోండి. రాయడం తక్కువ, రోజుల తరబడి పక్కన పడేస్తాం అనుకునేవాళ్లు మూత ఎంత బిగువుగా పడుతుందో చూడాలి. ప్లాటినం ప్రెపీ ఆ కంపెనీ పెన్నుల్లో చవక రకం, అయినా లోపలి మూత స్ప్రింగుతో బిగిసి ఇంకును నెలల తరబడి ఎండనివ్వదు, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదైన పెన్నులు కొన్ని వారానికే ఆరిపోతాయి.

ఇదంతా పెన్నుల గురించే చెబుతున్నాను కానీ జబ్బు పెన్నులతో ఆగలేదు. ఏ పని తీసుకున్నా ఆ పని చేయడం కంటే దాని సరంజామా కొనడం పెద్ద పనైపోయింది. లెన్సుల మీద గంటలకొద్దీ వాదించే ఫొటో పిచ్చివాళ్లకు ఆ నెలలో తీసిన ఫొటో ఒక్కటి చూపించమంటే తడుముకుంటారు. పరుగు మొదలుపెట్టకముందే మూడు రకాల బూట్లు. ఖాళీ నోటుబుక్కులు పోగేసి, మొదటి పేజీ పాడవుతుందని రాయనివాళ్లు ఎంతమందో. కొనడం తేలిక, చేయడం కష్టం, కొన్నప్పుడు చేసినంత సంతృప్తి దొరికితే ఇక చేయడం దేనికి? కంపెనీలకూ కావాల్సింది ఇదే. రోజూ రాసేవాడికి ఒక పెన్ను చాలు, పోగేసేవాడికి ఎన్ని అమ్మినా చాలవు. వస్తువులన్నీ రెండు గుంపులైపోయాయి, వాడి పారేసేవి, అద్దాల పెట్టెలో దాచేవి. వాడుతూ, అప్పుడప్పుడు కడుగుతూ, చెడితే బాగుచేసుకుంటూ ఏళ్ల తరబడి చేతిలో ఉండే వస్తువు అనే మధ్య రకం మాయమైపోతోంది. స్టీలు పాళీ ఇంకు పెన్ను ఆ మధ్య రకానికి చెందినది. దాన్ని దాచే గుంపులోకి లాగుతున్నారు కాబట్టే ఈ గొడవ.

కాబట్టి కొత్తది కొనేముందు సొరుగు వెతకండి. ఎవరో కానుకగా ఇచ్చినది, ఎప్పుడో కొని వదిలేసినది ఒకటి పడే ఉంటుంది, లోపల ఇంకు ఎండిపోయి ఉంటుంది. పాత కార్ట్రిడ్జ్ లాగేసి, పాళీ ముక్కను గిన్నెడు చల్లటి నీళ్లలో రాత్రంతా నాననివ్వండి, నీళ్లు తేటగా వచ్చేదాకా మారుస్తూ ఉండండి. వేడి నీళ్లు వద్దు, స్పిరిట్ అసలే వద్దు, ప్లాస్టిక్ చెడిపోతుంది. పాళీ కిందికి ఉండేలా మెత్తటి కాగితం మీద నిలబెట్టి ఆరనివ్వండి. ఏ కార్ట్రిడ్జ్ పడుతుందో కంపెనీ పేరుతో వెతికితే దొరుకుతుంది, పట్టనిదాన్ని బలవంతంగా దూర్చితే వెనక గొట్టం విరుగుతుంది. సరైనది దొరికాక నీలమో నలుపో ఒక్క రంగు పెట్టె తెచ్చుకుని, అది ఖాళీ అయ్యేవరకు ఇంకో పెన్ను వైపు చూడకండి.