తూకానికి అందని పనితనం

విశాఖ కురుపాం మార్కెట్‌లో ఏ నగల దుకాణం మెట్లెక్కినా ముందు వినిపించే ప్రశ్న ఒక్కటే: ఈ రోజు గ్రాము ఎంత? ఆ తర్వాత తూకం, తరుగు, మజూరీ, పన్ను. అన్నీ కలిపి రసీదు చేతికొస్తుంది. ఆ రసీదును వెనక్కీ ముందుకూ తిప్పి చూసినా ఒక వివరం మాత్రం దొరకదు. ఆ నగను చేసిందెవరు?

బంగారానికి ఇప్పుడు పక్కా గుర్తింపు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే ఆరు అక్షరాంకెల సంఖ్య తప్పనిసరి. నగలో ఓ మూల కంటికి ఆననంత చిన్నగా చెక్కిన ఆ సంఖ్యను ఫోన్‌లో కొడితే స్వచ్ఛత ఎంతో, పరీక్షించిన కేంద్రం ఏదో తెలిసిపోతుంది. కొనేవారికి ఇది మంచి రక్ష. కానీ లోహం పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పే ఆ గుర్తులో, రాత్రింబవళ్లు కుంపటి ముందు వంగి కూర్చున్న మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఇది ఒక్క విశాఖకే పరిమితమైన లోపం కాదు. అయినా దీన్ని సరిదిద్దే పనికి శ్రీకారం చుట్టడానికి విశాఖకున్నంత అర్హత మరే ఊరికీ లేదని మా నమ్మకం.

నగను తూకంతో కాక ఆలోచనతో విలువ కట్టే ఒక ప్రపంచం కూడా ఉంది. సమకాలీన ఆభరణ కళ అని దానికి పేరు. జర్మనీలోని మ్యూనిక్ నగరంలో అంతర్జాతీయ హస్తకళల సంతలో భాగంగా 1959 నుంచి ‘ష్ముక్’ అనే ఆభరణ ప్రదర్శన జరుగుతోంది. ఆ రోజుల్లో ఊరంతా చిన్నా పెద్దా గ్యాలరీలు తలుపులు తెరిచి, దేశదేశాల కళాకారుల నగలను చూపిస్తాయి. వాటిలో బంగారం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తుప్పు పట్టిన ఇనుము, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్, కాగితం, కర్ర, రబ్బరు, దేనితోనైనా చేస్తారు. ప్రతి దాని పక్కనా చేసినవారి పేరుంటుంది. 1967లో నెదర్లాండ్స్ దంపతులు గైస్ బాకర్, ఎమీ వాన్ లీర్సమ్ అల్యూమినియం రేకుతో భుజాల దాకా పరుచుకునే పెద్ద పెద్ద కంటెలు చేసి, నగ అంటే ధనమనే నమ్మకాన్ని తిరగేశారు. మన అమ్మమ్మలకు కంటె కొత్తేమీ కాదు. విలువంతా లోహంలోనే లేదన్న మాట మాత్రం కొత్తది.

స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఒట్టో కుంజ్లీ 1980లో చేసిన కంకణం గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. చూడ్డానికి అది నల్లటి రబ్బరు గొట్టం, అంతే. ఒకచోట మాత్రం చిన్న బొడిపె. ఆ బొడిపె లోపల బంగారు గుండు దాగి ఉంది. ‘బంగారం కళ్లు కప్పుతుంది’ అని దానికి పేరు పెట్టాడు. పెట్టుకున్నవారికి తప్ప బంగారం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. చూడాలంటే రబ్బరు కోయాలి, కోస్తే నగ పోతుంది.

ఈ కథ విన్న విశాఖ కంసాలి ఎవరైనా చిన్నగా నవ్వుకుంటారు. ఎందుకంటే ఇదే పనిని ఆయన తాత తిరగేసి చేశాడు. గుండ్లపేరులో ఒక్క గుండు ఎలా తయారవుతుందో చూడండి. పలుచటి బంగారు రేకును గుంటల దిమ్మెలో ఉంచి సుత్తితో మెల్లగా కొడితే డొప్పగా లేస్తుంది. అలాంటి రెండు డొప్పల అంచులు కలిపి, వెలిగారం అద్ది, టంకం ముక్క పెట్టి, ఊదుగొట్టంతో మంటను సన్నగా అతుకు మీదికి తోలతారు. ఊపిరి ఒక్క పిసరు ఎక్కువైతే రేకు కరిగిపోతుంది, తక్కువైతే టంకం పారదు. అతుకు కుదిరాక గుండు బోలుగా ఉంటుంది, వేలితో నొక్కినా సొట్ట పడుతుంది. అందుకని సన్నటి రంధ్రంలోంచి లోపలికి కరిగిన లక్క పోస్తారు. ఆరాక గుండు గట్టిపడి ఏళ్ల తరబడి నిలుస్తుంది. కుంజ్లీ రబ్బరులో బంగారం దాస్తే, మనవాళ్లు బంగారంలో లక్క దాచారు. ఆ కంకణం కళాచరిత్ర పుస్తకాలకెక్కింది. మన గుండ్లపేరు బంగారం కరిగించే మూసలోకి వెళ్లింది.

మూస సంగతే మమ్మల్ని అన్నిటికన్నా బాధపెడుతోంది. పాత బంగారం ఇచ్చి కొత్తది తీసుకోండనే ప్రకటన లేని పండుగ లేదు. శ్రావణమాసం రాగానే వరలక్ష్మి రూపు కోసమో, పెళ్లి ముహూర్తాలు రాగానే హారం కోసమో బీరువాలోంచి నాయనమ్మ పలకసర్లు, చంపసరాలు, నాగారం, అడ్డబాస బయటికొస్తాయి. గుమాస్తా లక్క తీసేసి, రాళ్లు ఊడదీసి, మిగిలింది తూచి ధర కడతాడు. వందేళ్ల పనితనానికి కట్టే వెల సున్నా. పైగా లక్క బరువు పోయిందనీ, అతుకుల్లో టంకం ఎక్కువనీ కోత ఒకటి. నాయనమ్మ మెడలో పెరిగిన ఆ నగ అరగంటలో ముద్ద అయిపోతుంది. రాతి శిల్పం, తాటాకు పుస్తకం, నేసిన చీర ఏదో ఒక రూపంలో మిగిలాయి. ఉత్తరాంధ్ర నగల చరిత్ర మాత్రం ఎప్పటికప్పుడు కరిగి కొత్త అచ్చుల్లోకి పోతోంది. ఆ నగలు ఎలా ఉండేవని మనవరాలు అడిగితే చూపించడానికి పాత పెళ్లి ఫొటోలు తప్ప ఇంకేమీ ఉండవు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆడపిల్ల ఒంటి మీది బంగారం ఆపదలో ఆదుకునే ఆస్తి. ఆసుపత్రి ఖర్చుకో, పిల్లాడి కాలేజీ ఫీజుకో అర్ధరాత్రి అక్కరకొచ్చేది అదే. ఆ భద్రతను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు, మాకు అసలే లేదు. కరిగించక తప్పని ఇంటిని మేము తప్పు పట్టడం లేదు. కరిగించే ముందు ఒక ఫొటో తీసి, కొలతలు రాసుకుని, ఏ ఊళ్లో ఎవరు చేశారో పెద్దవాళ్లను అడిగి పెట్టుకునే ఏర్పాటైనా నగరంలో లేదే అన్నదే మా ఆవేదన.

పనివారి పేరు చెరిగిపోవడం విశాఖకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ రేవు పేరు యూరప్ ధనికుల ఇళ్లలో మారుమోగింది. నల్లచేవ, టేకు, గంధపు చెక్కల మీద ఏనుగు దంతం పొదిగి, దాని మీద సన్నటి పూలతీగలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపిన పెట్టెలూ కుర్చీలూ బల్లలూ ఇక్కడి కంసాలుల చేతుల మీదుగా ఓడలెక్కాయి. ఈనాటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడొచ్చు. ‘వైజాగపటమ్’ అన్న ఊరి పేరు వాటికి అంటుకుని ఉంది. చేసినవారి పేర్లు చాలావరకు దక్కలేదు. దంతం వ్యాపారం నిషేధించడం న్యాయమే, ఏనుగు ప్రాణం ఏ పెట్టెకన్నా గొప్పది. కానీ దంతంతో పాటు ఆ చెయ్యి కూడా మరుగున పడనక్కర్లేదు కదా.

ఆ చెయ్యి ఇంకా చుట్టుపక్కలే ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు రంగు పట్టేస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, మంజిష్ఠ వంటి చెట్టుచేమల రంగులను మళ్లీ ఆ పనిలోకి తెచ్చిన సి.వి. రాజు గారిని 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఆ లక్కతోనే గాజులూ పూసలూ చేస్తున్నారు. శ్రీకాకుళం వైపు బూడితిలో ఇత్తడి పని ఉంది. అరకు కొండల్లో గదబ గిరిజన స్త్రీల చెవులకు వేలాడే పెద్ద ఇత్తడి తీగ చుట్లు, మెడలోని బరువైన లోహపు కడ్డీలు ఏ మ్యూనిక్ ప్రదర్శనకూ తీసిపోవు. ‘కంసాలి దెబ్బలు నూరు, కమ్మరి దెబ్బ ఒకటి’ అంటారు. ఆ రెండు సుత్తులూ పక్కపక్కనే వినిపించే ఊరు మనది. 32 మంది ప్రాణత్యాగంతో సాధించుకున్న ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో, ఆ ఉక్కుతో చేసిన ఉంగరం వేలికుంటే దాని విలువ ఏ త్రాసుకు అందుతుంది?

మరోవైపు కంసాలి వీధులు బక్కచిక్కిపోతున్నాయి. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. ధర పెరిగితే కంసాలి బాగుపడతాడని బయటివారు అనుకుంటారు. జరిగేది వేరు. కొనేవారు బరువు తగ్గించుకుంటారు, తక్కువ బరువులో పెద్దగా కనిపించే యంత్రపు నగ చేతిపనిని తోసేస్తుంది. చేయించుకునేవారు తగ్గి, చివరికి తెగిన గొలుసు అతకడం, మెట్టెలు సాగదీయడం మిగులుతాయి. కమ్మచ్చులోంచి వెంట్రుకంత తీగ లాగగల మనిషి దుకాణం ముందు రిపేరు బల్ల వేసుకుని కూర్చుంటాడు. ‘తల్లి బంగారంలోనైనా కాస్త తీస్తాడు’ అని కంసాలి మీద సామెత కట్టిన సమాజం మనది. ఆ అనుమానం వెనుక ఒక కారణం ఉంది. పనికి నేరుగా కూలి కట్టకుండా తరుగులో కలిపేశాం. చేతి విలువను లోహంలో దాచి, ఆ తర్వాత లోహం పోయిందని చేతిని అనుమానించాం. పనికి పనిగా, పేరుగా డబ్బిస్తే ఆ సామెతకు బతుకే ఉండదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులు ఉన్నారు. పనిముట్లకు 15 వేల రూపాయలు, అయిదు శాతం వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల దాకా రుణం, శిక్షణ రోజుల్లో భత్యం ఇస్తారు. మంచిదే. కానీ కొత్త పనిముట్లతో పాత రిపేరు బల్ల మీదే కూర్చోబెడితే ప్రయోజనం కొంతే. చేసిన దాన్ని చూపించే చోటు, దాన్ని అడిగే కొనుగోలుదారు ఉండాలి.

అందుకే ముందు విశ్వవిద్యాలయం కదలాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ లలితకళల విభాగంలో శిల్పం నేర్చుకునే పిల్లల పక్కన ఒక కుంపటి, ఒక దాగలి, ఒక కమ్మచ్చు ఉండాలి. నేర్పడానికి డిగ్రీలున్న వారికోసం వెతకనక్కర్లేదు. పాత ఊరిలోని కంసాలిని, ఏటికొప్పాక లక్క పనివారిని గురువులుగా పిలిచి, గురువుకిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. విద్యార్థి దగ్గర ఆలోచన, ఆయన దగ్గర వేలి కొసల జ్ఞానం. రెండూ ఒక బల్ల దగ్గర కలిసిన చోట కొత్త నగ పుడుతుంది. అమెరికాలో 2007లో మొదలైన ఒక ప్రయత్నం ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. జనం దగ్గర మూలన పడ్డ పాత నగలు సేకరించి, వేరు చేసి, కళాకారులూ విద్యార్థులూ వాటితో కొత్తవి చేసి ప్రదర్శించారు. మన ఇళ్లలో జత తప్పిన జూకాలు, రంగు పోయిన వన్‌గ్రామ్ గొలుసులు, తెగిన చిలకలపూడి హారాలు డబ్బాల కొద్దీ ఉన్నాయి. పైసా బంగారం లేకుండానే మొదలుపెట్టగల పని ఇది.

ఈ కళాప్రపంచమంతా పూలబాట అని మేము అనడం లేదు. అది చిన్న ప్రపంచం. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1976లో మొదలై ఎందరికో దారి చూపిన గ్యాలరీ రా 2019లో మూతపడింది. కొనేవారు తక్కువ, మెచ్చుకునేవారంతా ఒకరికొకరు తెలిసినవారే. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది వాళ్ల అభిరుచి కాదు, చేసినవారి పేరు రాసే అలవాటు. ఇంకో హెచ్చరిక కూడా అవసరం. గదబ అమ్మ చెవి నగను చూసి నమూనా తీసుకుని నగరంలో తన పేరు వేసుకునే కళాకారుడు, పాత దంతపు పెట్టెల వ్యాపారులు చేసిన తప్పునే మళ్లీ చేస్తాడు. నమూనా ఎవరిదో చెప్పాలి, వచ్చిన డబ్బులో వారికి వాటా ఉండాలి.

మా వంతు తప్పు కూడా ఒప్పుకుంటాం. పత్రికలు రోజూ బంగారం ధర అచ్చేస్తాయి. ఆ గడి పక్కన ఒక కంసాలి చేతి పని గురించి రాసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇకపై ఆ లోటు తీర్చే బాధ్యత మాది.

నగరపాలక సంస్థను మేము కోరేది పెద్ద భవనం కాదు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఒక్క అద్దాల బీరువా. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే ఆడవాళ్లు తమ ఇంటి పాత నగను తెచ్చి ఫొటో తీయించుకుని వెళ్లేలా గుడి దగ్గర ఒక బల్ల. ఆ ఫొటోలూ, ఈ ఏడాది విద్యార్థులూ కంసాలులూ కలిసి చేసిన నగలూ ఒకే బీరువాలో పక్కపక్కన. ఒక్కోదాని కింద చీటీ మీద లోహం, కొలత, చేసిన సంవత్సరం రాయాలి. వాటన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, చేసినవారి పేరూ వీధీ.