చైన్ రూల్ పాఠం సోమశిల దగ్గర మొదలుపెట్టాలి

ఒక ప్రమేయం లోపల ఇంకో ప్రమేయం ఉంటే దాన్ని ఎలా అవకలనం చేయాలో చెప్పేది చైన్ రూల్. ఇంటర్‌లో ఆ పాఠం చాలా క్లాసుల్లో ఒక్క వాక్యంతో ముగుస్తుంది: ‘బయటిది చెయ్, లోపలిది చేసి గుణించు’. ఆ తర్వాత వరసగా లెక్కలే. ఈఏపీసెట్ బిట్లకు ఆ వాక్యం సరిపోతుంది. కానీ ఎందుకు గుణించాలి, ఎందుకు కూడకూడదు అని ఒక పిల్ల లేచి అడిగితే అందులో జవాబు లేదు. అసలు పాఠం ఆ జవాబుతోనే మొదలు కావాలి. నెల్లూరు జిల్లా లెక్చరర్లకు అందుకు పెన్నా మీది సోమశిల జలాశయాన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు.

పెన్నాకు వరద వస్తే పేపర్లో మూడు అంకెలు కనిపిస్తాయి: మట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), ఇన్‌ఫ్లో క్యూసెక్కుల్లో (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు). పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. నిల్వ మట్టాన్ని బట్టి మారుతుంది, మట్టం కాలాన్ని బట్టి మారుతుంది. ఒక ప్రమేయం లోపల ఇంకొకటి, అంటే సంయుక్త ప్రమేయం, ఇదే.

ఒక మట్టం దగ్గర నీరు 50 కోట్ల చదరపు అడుగుల మేర పరుచుకుందనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె). అక్కడ అడుగు పెరిగితే నిల్వ సుమారు అర టీఎంసీ పెరుగుతుంది. మట్టం రోజుకు రెండడుగుల చొప్పున లేస్తోంది. మరి నిల్వ రోజుకు ఎంత పెరుగుతోంది? ఒక టీఎంసీ అని పిల్లలే చెప్తారు. అరను, రెండును కూడాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. అప్పుడు యూనిట్లు రాయించాలి. అడుగుకు ఇన్ని టీఎంసీలు, రోజుకు ఇన్ని అడుగులు. గుణిస్తే అడుగులు పోయి రోజుకు టీఎంసీలు మిగులుతాయి.

రోజుకు ఒక టీఎంసీ చేరాలంటే నికరంగా 11,574 క్యూసెక్కులు రావాలి. అదే ప్రవాహం, నీరు 100 కోట్ల చదరపు అడుగులకు పరుచుకునే పై మట్టంలో రోజుకు ఒక్క అడుగే లేపుతుంది. అంటే బయటి అవకలజాన్ని (మార్పు రేటును) లోపలి ప్రమేయం ఆ క్షణాన ఉన్న విలువ దగ్గరే లెక్కగట్టాలి. సైన్ ఆఫ్ (ఎక్స్ స్క్వేర్)కు అవకలజం కాస్ 2ఎక్స్ అని రాసే పిల్లలు జారేది సరిగ్గా ఇక్కడే. వాళ్లు మట్టం ఉండాల్సిన చోట మట్టం పెరిగే వేగాన్ని పెడుతున్నారు. ఈ తప్పును ఎర్ర పెన్నుతో కొట్టేసి ఊరుకుంటే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

సూత్రం నమ్మదగిందో కాదో వాళ్లనే తేల్చుకోనివ్వాలి. 3ఎక్స్ ప్లస్ 1 హోల్ స్క్వేర్‌ను విస్తరించి అవకలనం చేస్తే 18ఎక్స్ ప్లస్ 6 వస్తుంది. లోపలి 3ను వదిలేస్తే 6ఎక్స్ ప్లస్ 2 దగ్గరే ఆగిపోతాం. లోపలి ప్రమేయాన్ని యూ అనుకుని, డీవై బై డీయూను డీయూ బై డీఎక్స్‌తో గుణించేటప్పుడు ‘డీయూ, డీయూ కొట్టేస్తే సరి’ అన్నది గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, నిరూపణ మాత్రం కాదు. ఎక్స్ కదిలినా యూ కదలని సందర్భాలున్నాయి, అక్కడ సున్నాతో భాగించినట్టవుతుంది. పదహారేళ్ల పిల్లలకు ఈ మాట చెప్పకుండా దాచాల్సిన అవసరం లేదు.

వరుస విషయంలోనూ ఒక చిక్కుంది. పాత ఇంటర్ సిలబస్‌లో మ్యాథ్స్ 1బీ పేపర్ ఉండేది, అందులో చైన్ రూల్ ఫస్టియర్‌లోనే వచ్చేది. ఎన్‌సీఈఆర్‌టీ గణితంలో అది 12వ తరగతి పాఠం. కానీ 11వ తరగతి ఫిజిక్స్ డోలనాల పాఠంలో స్థానభ్రంశాన్ని అవకలనం చేసి వేగం రాబడతారు. అక్కడ బయటికి వచ్చే ఒమేగా (కోణీయ పౌనఃపున్యం) చైన్ రూల్ ఇచ్చిందే. గణితం క్లాసులో ఆ నియమం వినని పిల్లలు దాన్ని బట్టీ పట్టక ఏం చేస్తారు? నెల్లూరైనా ఒంగోలైనా, డోలనాలు మొదలయ్యే ముందు ఫిజిక్స్ లెక్చరర్ మ్యాథ్స్ లెక్చరర్‌ను ఒక్క పీరియడ్ అడిగి తీసుకోవాలి.