చేప కథ నమ్మి ఇంటర్వ్యూ మానేసిన మా మేనల్లుడి కోసం

గత నెలలో మా మేనల్లుడు క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్లలేదు. రాతపరీక్ష పాసయ్యాడు. తర్వాత గ్రూప్ డిస్కషన్ ఉందని తెలిసి హాస్టల్ గదిలోనే ఉండిపోయాడు. ఫోన్ చేసి అడిగితే, "మాట్లాడటం నా స్ట్రెంగ్త్ కాదు మామయ్యా. రానిదాని మీద టైమ్ పెట్టడం వేస్ట్" అన్నాడు.

ఆ మాట వాడిది కాదు. నాకూ నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన మెసేజ్‌లోది. "బలహీనతల మీద పెట్టే ప్రతి గంటా వృథా, నీ బలాలనే పెంచుకో" అని మొదలై ఐన్‌స్టీన్‌నూ, ఒక అమెరికా ప్రయోగాన్నీ, సచిన్‌నూ, పీటర్ డ్రకర్‌నూ సాక్ష్యానికి పిలుస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులోని ఒక్కో మాటకూ ఇక్కడ జవాబు రాస్తున్నాను. మావాడు చదవాలని, వాడిలాంటి పిల్లలూ చదవాలని.

"చేపను చెట్టెక్కమంటే అది జన్మంతా తనను తాను దద్దమ్మ అనుకుంటుంది: ఐన్‌స్టీన్."

ఐన్‌స్టీన్ ఈ మాట అన్నట్టు ఆధారం లేదు. ఆయన 1955లో పోయారు. దీనికి ఆయన పేరు తగిలించింది ఆ తర్వాత దశాబ్దాలకు. అదలా ఉంచినా, ఆయన జీవితమే ఈ మెసేజ్‌కు ఎదురు. జ్యూరిక్‌లో చదివే రోజుల్లో లెక్కల క్లాసులు ఎగ్గొట్టి, స్నేహితుడు మార్సెల్ గ్రాస్‌మన్ నోట్సు చదివి గట్టెక్కారు. భౌతికశాస్త్రంలో ఊహ ఆయన బలం. గురుత్వాకర్షణ దగ్గరికి వచ్చేసరికి ఆ ఊహకు సరిపడా గణితం చేతిలో లేదు. 1912లో మళ్లీ ఆ గ్రాస్‌మన్ సాయమే అడిగి, వంపు తిరిగిన తలాల జ్యామితి నేర్చుకోవడం మొదలుపెట్టారు. గణితం మీద ఇప్పుడు గొప్ప గౌరవం కలిగిందని, అందులోని సూక్ష్మమైన సంగతులను ఇన్నాళ్లూ విలాసమనుకున్నానని అదే ఏడాది తోటి భౌతికశాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్‌కు ఉత్తరం రాశారు. 1915 నవంబరులో సాధారణ సాపేక్ష సిద్ధాంతం పూర్తయింది. చేపకు కాళ్లు మొలవవు. మనిషికి మాట్లాడటం, లెక్క చేయడం, రాయడం నేర్చుకుంటే వస్తాయి.

"అమెరికాలోని నెబ్రాస్కాలో చేసిన ప్రయోగంలో, శిక్షణ ఇస్తే మామూలుగా చదివేవాళ్లు నిమిషానికి 90 పదాల నుంచి 150కి చేరారు. బాగా చదివేవాళ్లు 350 నుంచి 2,900కి చేరారు. కాబట్టి బలమున్నచోటే శిక్షణ పెట్టాలి."

2,900 అంటే సెకనుకు దాదాపు 48 పదాలు. చదివేటప్పుడు మన కన్ను సెకనుకు నాలుగు చోట్ల ఆగుతుంది. ఆగిన చోట స్పష్టంగా కనబడేది ఒకటి రెండు పదాలు. మరి మిగతా పదాలు ఎవరు చదివినట్టు? దాన్ని పేజీలు తిరగేయడం అంటారు, చదవడం అనరు. వేగం ఆ స్థాయికి పెరిగితే అర్థం కావడం తగ్గిపోతుందని చదువు మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతూనే ఉన్నారు.

నాకు బాధ కలిగించింది మాత్రం ఆ రెండో లెక్క కాదు, మొదటిది. 90 నుంచి 150కి చేరడాన్ని ఈ మెసేజ్ చిన్నచూపు చూస్తుంది. 1,800 పదాల ప్రశ్నపత్రం చదవడానికి ఇరవై నిమిషాలు పట్టే పిల్లవాడికి ఇప్పుడు పన్నెండు నిమిషాలు చాలు. పోటీ పరీక్ష రాసినవాళ్లను అడగండి, ఎనిమిది నిమిషాలంటే ఏమిటో చెబుతారు.

"బలహీనత మీద ఎంత కష్టపడినా మహా అయితే సగటు మనిషివి అవుతావు."

అవును, అవుతాం. చాలాచోట్ల సగటు చాలు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

డిప్లొమా సివిల్ చదివి సైట్ సూపర్‌వైజర్‌గా చేరాను. స్లాబ్ కింద ఊతంగా కట్టే సెంట్రింగ్ చూడగానే ఎక్కడ ఊగుతుందో చెప్పగలిగేవాణ్ని. మేస్త్రీలు నా మాట వినేవాళ్లు. స్లాబ్ వేసే రోజు నేను సెలవు పెడితే ఇంజినీరుకు టెన్షన్. రానిది కాగితం పని. కొలతలు ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కించడం, అయిన పనికి ఎప్పటికప్పుడు పెట్టే ఆర్‌ఏ బిల్లు తయారు చేయడం, ఎక్సెల్‌లో రేట్లు కట్టడం. "అది ఆఫీసువాళ్ల పని, నాది సైటు" అని గొప్పగా చెప్పుకుంటూ పదకొండేళ్లు గడిపాను. ఆ పదకొండేళ్లలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురు ప్రాజెక్ట్ ఇంజినీర్లయ్యారు. బిల్లు పెట్టలేని మనిషికి సైటు మొత్తం ఎవరు అప్పగిస్తారు?

ముప్పై అయిదో ఏట నేర్చుకున్నాను. మా ఆఫీసులో బిల్లింగ్ చూసే అమ్మాయి, నాకంటే పన్నెండేళ్లు చిన్నది, రోజూ సాయంత్రం అరగంట కూర్చోబెట్టి నేర్పింది. నాలుగు నెలలు పట్టింది. ఇవాళ్టికీ ఆ అమ్మాయి గంటలో చేసేది నాకు ఒక పూట పడుతుంది. కానీ నా బిల్లు తప్పు లేకుండా వెళ్తుంది. ఆ మాత్రం వచ్చాకే ఇన్నేళ్ల నా సైటు పనితనం జీతంలో కనబడింది. నాకు కొత్త బలమేదీ రాలేదు. ఉన్న బలానికి అడ్డం తొలగింది, అంతే.

మా నాన్నకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. వరి పండించే మనిషి. జింకు లోపమున్న మడిలో యూరియా ఎంత చల్లినా పైరు గిడసబారే ఉంటుంది, ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి. నాటే ముందు చేసే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేస్తే సరి. అది రెండు మూడు పంటలకు సరిపోతుంది కూడా. దిగుబడిని తేల్చేది ఎక్కువగా ఉన్న పోషకం కాదు, అన్నిటికంటే తక్కువ పడినది అని 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారం చేశారు. యూరియా బలమని యూరియా మీద యూరియా చల్లే రైతును మనం తెలివైనవాడు అనం కదా.

"సచిన్ తన బలాన్నే నమ్ముకున్నాడు."

క్రికెట్‌ను ఎంచుకోవడంలో నమ్ముకున్నాడు, నిజం. ఎంచుకున్నాక ఏం చేశాడో మెసేజ్ చెప్పదు. 1998లో ఆస్ట్రేలియా వస్తోందంటే, షేన్ వార్న్ లెగ్ స్టంప్ బయట గరుకులో వేసే బంతులు కష్టమవుతాయని ముందే గుర్తించాడు. నెట్స్‌లో అక్కడ పిచ్‌ను గరుకు చేయించి, మాజీ లెగ్ స్పిన్నర్ లక్ష్మణ్ శివరామకృష్ణన్‌తో పదేపదే అక్కడే వేయించుకున్నాడు. చెన్నై టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో 4 పరుగులకే వార్న్‌కు దొరికాడు. రెండో ఇన్నింగ్స్‌లో 155 నాటౌట్. 2004 జనవరిలో సిడ్నీలో ఇంకో అడుగు ముందుకేశాడు. కవర్ డ్రైవ్ లోకమంతా మెచ్చిన షాట్. ఆ సిరీస్‌లో అదే కొంప ముంచుతోందని తెలుసుకుని, దాన్ని పక్కన పెట్టేసి 436 బంతులు ఆడి 241 నాటౌట్‌గా నిలిచాడు.

మనమ్మాయి సింధునే తీసుకోండి. ఎత్తు, స్మాష్ ఆమె బలాలు. నెమ్మదస్తురాలు, కోర్టులో నోరు విప్పేది కాదు. రియో ఒలింపిక్స్‌కు ముందు గోపీచంద్ ఆమెను అకాడమీ కోర్టు మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా అరవమన్నారు. ఏడుపొచ్చినా వదల్లేదు. 2016లో ఆమె అరుపులు మనమందరం టీవీలో విన్నాం, వెండి పతకం చూశాం. ఒరేయ్ అల్లుడూ, ఈ పేరా నీకోసమే.

"మేనేజ్‌మెంట్ పితామహుడు డ్రకర్ కూడా బలాల మీదే పని చేయమన్నాడు."

అన్నారు. 1999లో వచ్చిన వ్యాసంలో. అదే వ్యాసంలో, పనికి అడ్డుపడే చెడ్డ అలవాట్లను దిద్దుకోవాలని కూడా అన్నారు. తమ విద్య మీది గర్వంతో మిగతావాటిని పట్టించుకోనివాళ్లను మందలించారు. మనుషుల సంగతి తమకు తెలియదని గొప్పగా చెప్పుకునే ఇంజినీర్లను ఉదాహరణగా చూపించారు. మెసేజ్ సగమే పంచింది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. బొమ్మలు వేసే పిల్లను ఎంపీసీలో కుక్కి, ర్యాంకు రాలేదని తిట్టే ఇళ్లు మన దగ్గర వేలు. అలాంటి తల్లిదండ్రులకు ఈ మెసేజ్ చేరితే మేలే. ప్రతి లోపాన్నీ దిద్దుకోవాలని నేనూ అనను. నాకు పాట రాదు, నా పనికి దానితో అవసరం లేదు. కానీ బిల్లు రాకపోవడం నా పనికే అడ్డం. మావాడికి పాట కాదు, బిల్లు రావడం లేదు. వాడి సర్క్యూట్లు ఎంత బాగున్నా, వాటి గురించి నలుగురిలో చెప్పలేకపోతే అవి హాస్టల్ గది దాటవు.

వాడి ప్రాజెక్టు, నేలలో తేమ తగ్గితే మోటారును దానంతటదే ఆన్ చేసే పరికరం. రోజూ రాత్రి పది నిమిషాలు ఫోన్‌లో నాకు దాన్ని వివరించమన్నాను. ఎలక్ట్రానిక్స్‌లో నాకు ఓనమాలు రావు, కాబట్టి వాడికి తప్పించుకునే దారి లేదు. మొదటి రోజు రెండు నిమిషాలకే ఆగిపోయాడు. మూడో రోజు విసుక్కున్నాడు. నిన్న స్పీకర్ ఆన్ చేసి వాళ్ల తాతయ్యకు చెప్పించాను. నాన్న అంతా విని, "మరి కరెంటు పోయినప్పుడో?" అన్నారు. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడు మొదలుపెట్టాడు, తాతయ్య మధ్యమధ్య ప్రశ్నలు వేస్తుంటే, పన్నెండు నిమిషాలు మాట్లాడాడు.