పని తెలిసినవాణ్ణి క్లాసులోకి పంపి కాపలా కాయమంటారా?

ఎన్నాళ్లుగానో రాయాలనుకుంటున్నది ఇవాళ రాసేస్తున్నా. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఏళ్ల తరబడి కరెంటు పని చేసి, ఇప్పుడు బడులకి సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్తున్నాను. టీచర్ సెలవు పెట్టిన రోజున ఆ క్లాసు నేను తీసుకోవాలి. ఈ సంగతి చెప్పగానే చాలామంది అనే మొదటి మాట, "పోన్లెండి, ఆ పని నుంచి బయటపడ్డారు." ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. నేను దేన్నుంచీ బయటపడలేదు. నిచ్చెనెక్కి, తల పైకెత్తి గంటలకొద్దీ సీలింగులో వైర్లు లాగితే భుజాలు పట్టేస్తాయి. నేలబారు సాకెట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పని చేసీ చేసీ మోకాళ్లు అరిగిపోతాయి. ఒక వయసు దాటాక ఒళ్లు సహకరించదు, పని మారడానికి అదొక కారణం. రెండోది, నా దగ్గర పని నేర్చుకోవడానికొచ్చిన కుర్రాళ్లకి నేర్పించేటప్పుడు కలిగే తృప్తి. బిల్లు చేతికొచ్చినప్పుడు కూడా నాకు అంత తృప్తి ఉండేది కాదు. ఇందులో పాత పని తక్కువదీ కొత్తది గొప్పదీ అనే మాట ఎక్కడుంది?

అసలు బాధ అది కాదు. బడిలో అడుగుపెట్టగానే వినిపించే ఇంకో మాట ఉంది: "అల్లరి చేయకుండా కూర్చోబెట్టండి సార్, చాలు." ఏదో ఒక్క బడిలో అన్నది కాదు, తిరిగిన చాలాచోట్ల ఇదే. చేతిలో ఒక వర్క్‌షీటు పెడతారు. అది టైమ్ గడపడానికి ఇచ్చిందని పిల్లలకి నాకంటే ముందే తెలుసు. ఇక వాళ్లు ఎందుకు చదువుతారు? టీచర్ రాని రోజంటే చదువు లేని రోజని వాళ్లకి నేర్పింది పెద్దవాళ్లే. ఏడాది పొడుగునా ఇలాంటి రోజులు ఎన్ని పోగవుతాయో ఎవరైనా లెక్క చూశారా?

ఒకసారి సైన్స్ టీచర్ రాలేదని పెద్ద తరగతికి వెళ్లాను. ఇచ్చిన వర్క్‌షీటు పావుగంటలో అయిపోయింది. నా బ్యాగులో కాలిపోయిన సాకెట్ ఒకటి ఉంది, ఎవరింట్లోనో మార్చినప్పుడు దాచుకున్నది. ఒక టెర్మినల్ (వైరుని స్క్రూతో బిగించే చోటు) దగ్గర ప్లాస్టిక్ నల్లబడి కరిగిపోయింది. రెండోది మాత్రం కొత్తదానిలాగే ఉంది. దాన్ని బెంచీల మధ్య తిప్పమని ఇచ్చి, ఎందుకు కాలిందో చెప్పమన్నాను. "ఓవర్‌లోడ్ సార్" అని అందరిదీ ఒకటే మాట. ఓవర్‌లోడ్ అయితే ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే ఆపేసే స్విచ్) పడిపోవాలి కదా, పడలేదే అన్నాను. పైగా రెండు టెర్మినళ్లలోంచీ పోయేది ఒకే కరెంటు, మరి ఒక్కటే ఎందుకు కాలింది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలో ఓ అమ్మాయి సాకెట్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈ స్క్రూ లూజుగా ఉంది సార్" అంది.

అదీ సంగతి. లూజు కనెక్షన్ దగ్గర రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరుగుతుంది. పోయే కరెంటు అంతే అయినా అక్కడ వేడి పుడుతుంది. వాళ్ల పుస్తకంలో ఐ స్క్వేర్ ఆర్ టీ (కరెంటు వర్గాన్ని రెసిస్టెన్స్‌తోనూ సమయంతోనూ గుణిస్తే పుట్టే వేడి) అని ఉన్న సూత్రం ఇదే. ఎంత కరెంటు పోతోందన్నది ఎంసీబీకి తెలుస్తుంది గానీ, ఎక్కడ ఏ స్క్రూ కాలిపోతోందో దానికి తెలియదు. ఇళ్లు తగలబడేది ఇలాంటి చోట్లే. అక్కణ్ణుంచి మాట షాక్ మీదికి వెళ్లింది. మనుషుల రక్షణకి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయిపోవాలని చెప్పాను. 10 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునే కరెంటు అంతకంటే ఎక్కువని పిల్లలే లెక్క కట్టి నోరు వెళ్లబెట్టారు. బెల్లు కొట్టినా కదల్లేదు. ఆ పిల్లల్ని నేను కాపలా కాయాలా?

చేతిపనికీ చదువుకీ చుట్టరికం లేదనుకునేవాళ్లకి ఒక మాట. కరెంటు పాఠాల్లో ఓమ్ నియమం అని చదివే సూత్రం కనిపెట్టిన జార్జ్ ఓమ్ తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా పిల్లలకి లెక్కలూ ఫిజిక్సూ చెబుతూనే ప్రయోగాలు చేశాడు, 1827లో తన సూత్రాన్ని ప్రచురించాడు. అయస్కాంతంతో కరెంటు పుట్టించవచ్చని చూపిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. ఏడేళ్లు పుస్తకాల బైండింగ్ పని నేర్చుకున్నవాడు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఎన్నో ఏళ్లు ఆయనే పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాడు. వెలుగుతున్న కొవ్వొత్తిని చూపించి కెమిస్ట్రీ అంతా విప్పిచెప్పాడు. వస్తువుని చేత్తో పట్టుకుని చూపించడం పనివాళ్లకి పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

అలాగని పని వచ్చినవాడికల్లా చదువు చెప్పడం వచ్చేస్తుందని నేననను. మెయిన్ ఆపేసి నిదానంగా పని చేసుకునే వీలు క్లాసులో ఉండదు. ముప్ఫై నలభై మంది ఒకేసారి నీ వైపు చూస్తుంటారు. పేర్లు తెలియవు, ఎవరికి ఏ ఇబ్బంది ఉందో తెలియదు. ఎక్కువ మాట్లాడే వాణ్ణి చూస్తూ కూర్చుంటే, అసలు నోరు విప్పని పిల్ల మరుగున పడిపోతుంది. దీనికి ట్రైనింగ్ కావాల్సిందే. కొన్ని దేశాల్లో సబ్‌స్టిట్యూట్‌గా వెళ్లడానికి డిగ్రీ ఉంటే చాలంటారు, ఇంకొన్ని చోట్ల టీచర్ ట్రైనింగ్ లేనిదే గడప తొక్కనివ్వరు. నన్నడిగితే డిగ్రీ ఉన్నా లేకున్నా, క్లాసుని ఎలా నడపాలో కొన్నాళ్లయినా నేర్పి పంపాలి.

ఒక్క విషయంలో మాత్రం పాత పని బాగా పనికొస్తోంది. ఫాల్టు వెతికేటప్పుడు లైటు వెలగడం లేదని గోడంతా పగలగొట్టం. సప్లై ఎక్కడిదాకా వస్తోందో చూసుకుంటూ వెళ్తాం, ఆగిపోయిన చోట విప్పుతాం. భిన్నాల కూడిక రాని పిల్లాడి దగ్గరా అదే చేస్తాను. వాడికి ఎక్కడిదాకా వచ్చో చూసుకుంటూ వెనక్కి వెళ్తే, సగానికి సగం సార్లు లోపం ఎక్కాల దగ్గరో భాగాహారం దగ్గరో తేలుతుంది. రెండు తరగతుల కింద ఆగిపోయినవాడికి పై పాఠం పదిసార్లు చెప్పినా ఏం లాభం?

డబ్బు సంగతీ చెప్పాలి, ఎందుకంటే నన్ను చూసి కొందరు మేస్త్రీలు అడుగుతున్నారు. రోజు లెక్కన ఇస్తారు. పిలిస్తేనే పని, అదీ చాలాసార్లు పొద్దున్నే ఫోన్ వస్తే. బడికి సెలవులైతే మనకి సంపాదన లేనట్టే. రోజుకూలీ లెక్క మనకి కొత్త కాదు గానీ, బయట పని అయితే రేటు మనం చెప్పుకుంటాం. ఇక్కడ వాళ్లు చెప్పిందే రేటు. కాబట్టి పనిముట్లు అమ్మేయకండి, లైసెన్స్ రెన్యువల్ మానేయకండి. సెలవుల్లో పాత పనే ఇల్లు నడుపుతుంది.

2030 నాటికి ప్రపంచంలో 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు అదనంగా కావాలని యునెస్కో అంటోంది. ఉన్నవాళ్లు మానేసి వెళ్లిపోవడం కూడా అందులో పెద్ద కారణం. ఇంత కొరత పెట్టుకుని, ఇష్టపడి వచ్చినవాణ్ణి తలుపు దగ్గర కూర్చోబెట్టడం ఏం న్యాయం?

హెడ్మాస్టర్లని నేను అడిగేది పెద్దదేం కాదు. పాఠం ఎక్కడ ఆగిందో ఒక కాగితం మీద రాసిపెట్టించండి. పిల్లల పేర్లతో సీటింగ్ చార్టు ఇవ్వండి. సెలవు ముందే తెలిస్తే ముందురోజే చెప్పండి, చూసుకుని వస్తాను. నాకు రాని సబ్జెక్టయితే నాకు వచ్చిన పాఠం చెప్పనివ్వండి. టీచర్ తిరిగొచ్చాక ఆ రోజు ఏం జరిగిందో నేను రాసిపెట్టిన కాగితం ఆయన చేతికి అందేలా చూడండి.