తాగనోడి చేతిలో సంచి

మా పిన్ని కూతురి పెళ్లి మొన్ననే అయింది. శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో మండపం. పనసపొట్టు కూర అదిరింది, అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు, అవన్నీ వదిలేయండి. నా బాధంతా ముందురోజు రాత్రి మేడ మీద జరిగిన దాని గురించి.

నేను జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాను. మందు అలవాటు లేదు. వ్రతమూ శపథమూ ఏం కాదు, ఆ చేదు నాకు పడదు, అంతే. అక్కడ ఈ మాట ఒకసారి చెబితే సరిపోయింది. పదహారేళ్లకే బీరు కొనుక్కోనిచ్చే దేశం. అయినా ఆపిల్ రసంలో గ్యాస్ నీళ్లు కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె తెప్పించుకుని బార్లో కూర్చుంటే, ఎందుకు తాగవని నన్నెవరూ నిలదీయలేదు. పైగా అక్కడో చట్టం ఉంది. బార్లో మందు కలవని పానీయం కనీసం ఒక్కటైనా, అక్కడ దొరికే అన్నిటికన్నా చవక మందు ధరకు మించకుండా అమ్మాలి. తాగనివాడి జేబు గురించి వాళ్లు ఆలోచించారు. మనవాళ్లు 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టర్ తెచ్చి తాగేవాడి జేబు గురించి ఆలోచించారు. ఎవరి గొడవ వాళ్లది.

మేడ మీదికి పిలిచింది మా బావ. పలాస జీడిపప్పు వేయించి పెట్టారంటే వెళ్లాను.

"ఏటి బామ్మర్దీ, జర్మనీలో ఉండి బీరు ముట్టవా? ఎవుడికి సెప్తావ్!"

ఒకాయన నా లివర్ గురించి వాకబు చేశాడు. ఇంకొకాయన "ఏ పిల్లకైనా మాటిచ్చావేటి?" అన్నాడు. చివరికి నా చేతిలో థమ్సప్ గ్లాసు పెట్టి, ఐసు, సోడా, ఉల్లిపాయ ముక్కల శాఖ అప్పగించారు. తాగనివాడికి అలాంటి సభల్లో దక్కే పదవి అదే.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. జర్మనీలో బాటిల్ కొన్నప్పుడే డిపాజిట్ పట్టుకుంటారు. బీరు గాజు సీసాకి మామూలుగా 8 సెంట్లు, డబ్బాకి, ప్లాస్టిక్ బాటిల్‌కి 25. ఖాళీవి తీసుకెళ్లి సూపర్‌మార్కెట్లో మిషన్ నోట్లో పెడితే చీటీ ఇస్తుంది, కౌంటర్లో డబ్బులు తీసుకోవచ్చు. పార్టీ ముగిసేసరికి ఆ సంగతి గుర్తుండేంత తెలివిలో మిగిలేది నేనే. నా పాలు, గుడ్లు చాలావరకు తోటివాళ్ల తాగుడు మీదే గడిచాయి.

చెయ్యి ఊరుకోదు కదా. ఖాళీ అయిన సీసా అయినట్టే తీసి, అక్కడ పడున్న బట్టల షాపు సంచిలో సర్దుతున్నాను. సంచి మీద వేంకటేశ్వరస్వామి, అభయహస్తంతో.

అప్పుడు మెట్ల మీద దగ్గు వినిపించింది. పెదనాన్న. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఆ దగ్గు విని మా వంశంలో మూడు తరాలు చుట్టలూ సిగరెట్లూ ఆర్పేశాయి. మేడ మీద ఏం జరిగిందో నా కళ్లతో చూశాను కాబట్టి నమ్ముతున్నాను. అప్పటిదాకా లేవలేనన్నవాడు పిట్టగోడ దగ్గరికెళ్లి సీరియల్ బల్బులు సరిచేస్తున్నాడు. ఒకడు ఫోన్ తిరగేసి చెవికి పెట్టుకుని "హలో, క్యాటరింగా? ఇడ్లీలు ఎన్నింటికి?" అంటున్నాడు. రెండు గ్లాసులు క్రోటన్ కుండీలో ఒలికాయి, ఆ మొక్క పరిస్థితి తర్వాత నేను కనుక్కోలేదు. బావ వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్లాడు, జీడిపప్పు పళ్లెంతో సహా. లివర్ ఆయన నక్షత్రాలు చూస్తూ "రేపు వాన రాదులే" అన్నాడు.

దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని నిలబడే ఉన్నాను. కుడిచేతిలో నల్లటి ద్రవం ఉన్న గ్లాసు, ఎడమచేతిలో సంచి. అది గలగలమంది.

పెదనాన్న సంచి తెరిచి, పైకే లెక్కపెట్టారు. పదకొండు.

"ఒక్కడివేనా?" అన్నారు.

"థమ్సప్, పెదనాన్నా."

"దేన్లోకి?"

అప్పుడొచ్చాడు బావ, ట్యాంకు వెనక నుంచి, జీడిపప్పు నములుతూ. "పోనీండి మావయ్యగారూ, కుర్రోడు. సలి దేశం, అలవాటైపోయుంటాది. నేను సెప్తాన్లెండి" అని నా భుజం మీద చెయ్యేశాడు. నా ముక్కుకి ఆ వాసన! పెదనాన్న ముక్కుకి అందలేదు, ఆయనకి వారం నుంచి జలుబు.

తెల్లారేసరికి మగపెళ్లివారికి కూడా తెలిసిపోయింది. అత్త చెంబునిండా మజ్జిగలో నిమ్మకాయ పిండి తెచ్చి, "తల పట్టేసిందా బాబూ" అంది. వద్దంటే ఇంకా తాగి ఉన్నాననుకుంటుందని తాగాను. బావ కూడా అదే చెంబులోంచి రెండు గ్లాసులు వంచుకుని తాగాడు, నాకు తోడుగా అట.