హ్యాకర్‌ని పట్టించేది గురి కాదు

విశాఖలో ద్వారకానగర్ గేమింగ్ కేఫ్‌లోనైనా, మద్దిలపాలెం హాస్టల్ గదిలోనైనా, తుపాకీ ఆటలో తలకి తూటా (హెడ్‌షాట్) తగిలి పడిపోయిన మరుక్షణం వచ్చే మాట ఒకటే: ‘‘హ్యాకర్‌రా ఆడు, రిపోర్ట్ కొట్టు!’’ హ్యాకర్ అంటే ఇక్కడ దొంగ ప్రోగ్రామ్‌తో ఆడేవాడు. అలా అన్నవాటిలో ఎన్ని నిజమో ఎవరూ తర్వాత లెక్క చూసుకోరు. బీజీఎంఐ, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ఆటల్లో మోసం లేదని ఎవరూ అనరు. ఉంది, బాగానే ఉంది. దాన్ని పట్టుకోవడానికి మనం వెతుకుతున్న చోటే తప్పు. అందరి కళ్లూ అవతలివాడి గురి మీదే ఉంటాయి. ఆడికి తెలియకూడనిదేమైనా తెలుస్తోందా అని చూసేవాళ్లు తక్కువ.

గురిని సాక్ష్యంగా తీసుకోవడం కష్టం. ఏళ్ల తరబడి ఆడినవాడి చెయ్యి కొత్తవాడికి మాయలాగే ఉంటుంది. ఫోన్ ఆటల్లో గురికి ఆటే సాయం చేసే ఎయిమ్ అసిస్ట్, ఫోన్‌ని వంచి గురి చూసే గైరోస్కోప్ రెండూ నిబంధనల ప్రకారమే దొరుకుతాయి. కనబడినదానికి మనిషి చెయ్యి స్పందించడానికి సెకనులో ఐదో వంతు అటూఇటూ పడుతుంది కదా, అంతకంటే ముందే కాల్చాడంటే మోసమేనని వాదించేవాళ్లున్నారు. మూల దగ్గర ఎవరో ఒకరు వస్తారని ముందే లెక్కగట్టి, కనబడకముందే కాల్చేవాడికి (ప్రీఫైర్) ఆ ఐదో వంతు కూడా అక్కర్లేదు. పైగా ఆటగాడి బదులు గురి చూసిపెట్టే దొంగ ప్రోగ్రామ్‌లు, ఎయిమ్‌బాట్లు, ఇప్పుడు తెలివిమీరాయి. మనిషి చెయ్యిలాగే కాస్త వణుకుతాయి, కాస్త ఆలస్యం చేస్తాయి, అప్పుడప్పుడూ గురి తప్పుతాయి కూడా.

సమాచారం దొంగిలించే హ్యాక్ దాచుకోవడం ఇంత తేలిక కాదు. అది అసలెలా సాధ్యమో చూడాలి. శత్రువు గోడ వెనక నుంచి బయటికొచ్చిన క్షణంలోనే తెరమీద కనిపించాలంటే, అతని స్థానం కొంచెం ముందుగానే మన కంప్యూటర్‌కి చేరి ఉండాలి. గోడల వెనకున్నవాళ్లని చూపించే వాల్‌హ్యాక్, ఈఎస్‌పీ అనే దొంగ ప్రోగ్రామ్‌లు చేసే పనల్లా మెమరీలో ఉన్న ఆ సమాచారాన్ని చదివి తెరమీద గీతలు గీయడమే. అందుకే వాలరెంట్ తయారీదారులు శత్రువు కనబడబోయే దాకా అతని స్థానాన్ని వీలైనంత వరకూ పంపకుండా ఆపే పద్ధతి పెట్టారు. వచ్చిన చిక్కల్లా, మరీ ఆలస్యంగా పంపితే మనిషి గాలిలోంచి ఊడిపడ్డట్టు ప్రత్యక్షమవుతాడు. కాబట్టి ఎంతోకొంత ముందు పంపక తప్పదు.

అద్దంలో మన ముక్కలు కనబడుతున్నవాడు పేకాటలో ఎంత నటించినా, ఏదో ఒక ఆటలో మనం ఎదురుచూస్తున్న ముక్కనే పట్టుకు కూర్చుంటాడు. ఇదీ అంతే. మామూలు ఆటగాడు ఖాళీ మూలలు కూడా చూసుకుంటూ నడుస్తాడు, ఎందుకంటే అవి ఖాళీ అని ఆడికి తెలీదు. హ్యాక్ వాడేవాడు ఖాళీ గదిని పట్టించుకోకుండా దాటేసి, మనిషి ఉన్న గది ముందు మాత్రమే ఆగుతాడు. మీరు చప్పుడు లేకుండా నెమ్మదిగా పక్కకి జరిగితే, మిమ్మల్ని ఎవరూ చూడకపోయినా ఆడి దారి కూడా మారుతుంది. ఒకసారి జరిగితే అదృష్టం, రెండోసారి అనుమానం. ఒకే మ్యాచ్‌లో మళ్లీ మళ్లీ జరిగితే రీప్లే కూర్చుని చూడాల్సిందే. ఇంకొకటుంది: నైపుణ్యం విడిగా రాదు. గురి ప్రొఫెషనల్ స్థాయిలో ఉండి, చూపుకి అడ్డంగా పొగబాంబు (స్మోక్) ఎక్కడ వెయ్యాలో, ఆయుధాలు కొనే ఆటడబ్బు ఎప్పుడు దాచుకోవాలో తెలియనివాడు ఎవరికైనా తేడాగానే కనిపిస్తాడు.

అలాగని కిల్‌క్యామ్‌ని, అంటే మనం చచ్చాక చంపినవాడి వైపు నుంచి ఆట చూపించే రీప్లేని, గుడ్డిగా నమ్మకూడదు. అది చంపినవాడి తెర కాదు, సర్వర్ దగ్గరున్న వివరాలతో మళ్లీ కట్టిన బొమ్మ. మన దేశంలో వాలరెంట్ సర్వర్లు ముంబైలో ఉన్నాయి, మనమేమో ఈ తీరాన. ఇద్దరి పింగ్‌లలో (సర్వర్‌కి సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం) తేడా ఉంటే, మీరు గోడ చాటుకి చేరాక తూటా తగిలినట్టు కనిపిస్తుంది. ఆడి తెరమీద మాత్రం మీరింకా బయటే ఉన్నారు. సర్వర్ కాస్త వెనక్కి వెళ్లి లెక్క చూసి ఆడి మాటే ఒప్పుకుంటుంది. విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కాబట్టి పింగ్ తగ్గిపోతుందని ఆశపడే కుర్రాళ్లున్నారు. ఆట కంపెనీ తన సర్వర్‌ని ఇక్కడ పెడితే తప్ప తగ్గదు, పాపం.

అందుకే ఆటగాడి కన్ను అనుమానం దగ్గర ఆగాలి, తీర్పు దాకా వెళ్లకూడదు. 2013లో కౌంటర్ స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ ఆ ఆటలో పెట్టిన ఓవర్‌వాచ్ పద్ధతి దీన్ని గుర్తించింది. అనుభవమున్న ఆటగాళ్లకి పేర్లు దాచిన రీప్లేలు చూపించేవారు. సందేహానికి తావులేకుండా తేలితేనే దోషి, లేదంటే ఆధారాలు చాలవనే లెక్క. ఆ తీర్పులతోనే వ్యాక్‌నెట్ అనే మోసం పసిగట్టే ఏఐ ప్రోగ్రామ్‌కి చదువు చెప్పారు. తూటా పేలడానికి ముందూ వెనకా చూపు ఎలా కదిలిందో అది కొలుస్తుంది. ఒక్క షాట్‌తో తేల్చదు, చాలా షాట్లు పోగేసి చూస్తుంది. ఓడిన కోపంలో మనం చెయ్యలేనిది సరిగ్గా అదే.

మన ఊరి టోర్నమెంట్ల సంగతికొద్దాం. కాలేజీ ఫెస్టుల్లో, కేఫ్‌లలో ఎంట్రీ ఫీజు కట్టి ఆడే మ్యాచ్‌లలో తీర్పు చాలాసార్లు గొంతు పెద్దదున్నవాడిదే. 2018 అక్టోబర్‌లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆప్టిక్ ఇండియా అనే జట్టు ఆటగాడొకరు ఎలా దొరికాడో గుర్తు చేసుకోవాలి. నిర్వాహకులు వచ్చి అతని కంప్యూటర్ పరిశీలిస్తే ‘వర్డ్’ అన్న పేరుతో దాక్కున్న చీట్ ప్రోగ్రామ్ బయటపడింది. జట్టును పోటీనుంచి తప్పించారు, అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. పోటీ హాల్లోనే కూర్చుని ఆడుతూ కూడా అతను ధైర్యం చేశాడు. దొరికింది మాత్రం మెషీన్ తెరిచి చూసినప్పుడు.

కాబట్టి మెషీన్ల బాధ్యత నిర్వాహకులదే. కనీసం ఫైనల్ అయినా ఒకే హాల్లో, వాళ్లిచ్చిన ఫోన్లూ పీసీల మీద ఆడించాలి. ఆన్‌లైన్ రౌండ్లలో ప్రతి ఆటగాడి స్క్రీన్ రికార్డింగ్ తీసుకోవాలి. అభ్యంతరం ఎంతసేపట్లో చెప్పాలో, రీప్లే ఎవరు చూస్తారో ఆట మొదలవకముందే కాగితం మీద పెట్టాలి. కేఫ్ యజమానులకి ఇందులో స్వార్థం కూడా ఉంది. వాలరెంట్‌లో మోసానికి అకౌంట్‌తో పాటు హార్డ్‌వేర్ మీద కూడా నిషేధం పడొచ్చు. ఎవడో హ్యాక్ ఎక్కించి వెళ్లిపోతే, రేపు అదే సీట్లో గంటకి డబ్బు కట్టి కూర్చున్న కుర్రాడికి ఆట తెరుచుకోదు. ఆ డబ్బు తిరిగి ఇవ్వాల్సింది యజమానే.