పైన కన్నుంటే సరిపోతుందా?

'శాటిలైట్ల కాలంలో ఏ ప్రభుత్వానికీ ఏదీ దాచడం కుదరదు' అని మీ వ్యాసంలో రాశారు. మరి 1998 మే 11న రాజస్థాన్ ఎడారిలోని పోఖ్రాన్‌లో మన అణుపరీక్షలప్పుడు జరిగిందేమిటండీ? అమెరికా శాటిలైట్లు నెత్తిన తిరుగుతూనే ఉన్నాయి. మనవాళ్లు రాత్రిళ్లు పనిచేసి, తెల్లారేసరికి బండ్లన్నీ పాత చోటనే పెట్టేసేవారు, పాలు తాగి మూతి తుడుచుకున్న పిల్లిలా. హైడ్రోజన్ బాంబు దించిన గుంతకి ముద్దుపేరు 'వైట్‌హౌస్'! శాస్త్రవేత్త అబ్దుల్ కలాంగారికేమో మారువేషంగా మిలిటరీ డ్రెస్సు, మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అని పేరు. ఆ జుట్టు టోపీలో ఎలా పట్టిందో, నా దృష్టిలో అదీ అసలు రాకెట్ సైన్సు. బాంబు పేలాక గానీ అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకి తెలియలేదు.

శాటిలైట్ల దాకా ఎందుకు, మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు కెమెరాలున్నాయి. మొన్న నా కొత్త చెప్పులు పోతే ఒక్కదానికీ కనపడలేదు. లిఫ్టు ముందు పడుకున్న కుక్క మాత్రం మహా స్పష్టంగా పడింది.